చుక్క నాకిన గడ్డి

ఉప్పు విషయంలో శకుంతలగారి చెయ్యి ధారాళం. మిగతా విషయాల్లో ఆ చెయ్యి ఎలాంటిదో నూజివీడు బజారులో ఎవరినడిగినా చెబుతారు కానీ, ఉప్పు దగ్గర మాత్రం ఆవిడకి వెనకాముందూ ఉండదు. రెడ్డిగూడెం వెళ్ళే రోడ్డు పక్కన ఆవిడకో పచ్చళ్ళ షెడ్డు ఉంది. వేసవిలో కాయ దొరికినన్నాళ్ళూ ముక్కలు కొట్టించి, పీపాల్లో వేసి, చిక్కటి ఉప్పునీళ్ళు పోయించి నిలవ చేస్తారు. ఏడాది పొడుగునా కావలసినప్పుడల్లా ఒక పీపా తెరిచి, ముక్కల్ని కడిగి, కారమూ ఆవపిండీ నూనే కలిపి బజారులోని కొట్టుకి పంపుతారు. ముక్కలు కొట్టుకి వెళతాయి, ఉప్పునీళ్ళు పెరట్లోకి వెళతాయి.

ఈ కథంతా ఆ పెరటి గురించే. ఏళ్ళ తరబడి పారబోసిన నీళ్ళకి షెడ్డు వెనక నేల తెల్లబారిపోయింది. ఎండాకాలం చూస్తే ఎవరో ముగ్గు ఒలకబోసుకున్నట్టుండేది. పీకినకొద్దీ మొలిచే తుంగ కూడా అటువైపు తొంగి చూసేది కాదు. పిచ్చి మొక్క ఏదైనా పొరపాటున మొలిచినా, రెండాకులు వేసి, మనసు మార్చుకుని ఎండిపోయేది. పెరటి గోడకి అవతల కృష్ణమూర్తిగారి మామిడితోట. ఈ ఉప్పు దెబ్బకి తన చెట్లు గోడవైపు కొమ్మలు చాచడం మానేశాయని ఆయన ఫిర్యాదు. చెట్లు నిజంగానే మానేశాయో, శకుంతలగారితో తగువుకి ఆయనకి ఏదో ఒకటి కావాలో చెప్పలేం.

సత్యవతి ఆ షెడ్డులో కాయలు కొట్టే మనిషి. కాయల కాలం అయిపోతే చుట్టుపక్కల తోటల్లో కూలికి వెళుతుంది. మనిషికి నోరు పెద్దది, కన్నీళ్ళు తక్కువ. పెళ్ళిలో అప్పగింతలప్పుడు కూడా కోడలు కంట తడి పెట్టలేదని అత్తగారు పోయేదాకా చెప్పుకుంది. "ఏడుపేదో లోపల ఏడ్చుకుంటా, ఊరందరికీ పంచిపెట్టాలా ఏంటి?" అనేది సత్యవతి.

ఆవిడకి సెంటు పొలం లేదు, ఒక గేదె ఉంది. నుదుటి మీద తెల్లటి మచ్చ ఉన్న ఆ గేదె పేరు చుక్క. సత్యవతి ఎవరికీ చెప్పుకోని కష్టాలన్నీ చెప్పుకునేది చుక్కతోనే. అది నెమరు వేస్తూ వినేది, అడ్డు చెప్పేది కాదు. మనుషుల్లో అలాంటివాళ్ళు ఎక్కడ దొరుకుతారు?

వచ్చిన చిక్కల్లా మేత దగ్గర. ఒకప్పుడు ఏ తోట గట్టుకెళ్ళినా మోపెడు గడ్డి దొరికేది. ఇప్పుడు తోటలవాళ్ళంతా కలుపు మందు కొట్టిస్తున్నారు. గట్లన్నీ బోడిగా ఉన్నాయి, ఉన్న కాస్త పచ్చికకీ ఇనప కంచె. ఎండుగడ్డి కొనాలంటే పాల మీద వచ్చింది గడ్డికే పోతోంది. చుక్క చూడి కట్టిందని తెలిసిన రోజునే ఆవిడ భర్త వీర్రాజు మాట కదిపాడు.

"చూడిగేదెకి మంచి బేరం వస్తదే. విస్సన్నపేట బేరగాడు అడుగుతున్నాడు. మేత లేకుండా దాన్ని కట్టేసి ఎముకలు లెక్కపెట్టుకునే కన్నా అమ్మేద్దాం."

"నన్నూ అమ్మెయ్, నాకూ తిండి దండగే" అంది సత్యవతి. ఆ మాట గట్టిగానే అంది కానీ, వీర్రాజు చెప్పిందాంట్లో అబద్ధం లేదని ఆవిడకి తెలుసు. ఆ రాత్రి అన్నం సయించలేదు.

సరిగ్గా అప్పుడే ఆడపడుచు సుజాత రసాల కోసం పుట్టింటికి వచ్చింది. సుజాతని బందరు అవతల కృత్తివెన్ను వైపు ఇచ్చారు. ఆ ఊరి చుట్టూ రొయ్యల చెరువులే. ఒకరోజు వదినకి అన్నం క్యారేజీ పట్టుకుని షెడ్డుకి వచ్చి, చెయ్యి కడుక్కోవడానికి వెనక్కి వెళ్ళి, ఆ తెల్లటి నేల చూసింది.

"ఇంత నేల ఉత్తినే పడేశారేంటి వదినా?"

"కళ్ళు కనపడట్లేదా అమ్మాయ్? అదంతా ఉప్పు. చెరువుల పక్కన కాపరం చేసీ చేసీ నీకు ఉప్పుకీ ముగ్గుకీ తేడా తెలియకుండా పోయింది."

"ఉప్పని తెలిసే అంటున్నా. మా దగ్గర పాత చెరువుగట్ల మీద ఇంతకన్నా ఎక్కువ ఉంటది. అక్కడ ఒక గడ్డి ఉంది, పాకుతానే ఉంటది. మా గేదెలు అదే మేస్తయ్."

"మీ గేదెలకేం, మీకు మల్లేనే ఏదైనా మేస్తయ్."

వదినా మరదళ్ళ మధ్య ఆ మాత్రం లేకపోతే చుట్టరికానికి రుచేముంది? సుజాత నవ్వేసి పందెం కట్టింది. గడ్డి పంపిస్తుంది. అది బతికితే వచ్చే వేసవికి సత్యవతి బుట్టెడు చిన్న రసాలు ఇచ్చుకోవాలి. బతక్కపోతే సుజాతే బుట్టెడు ఎండు రొయ్యలు పంపిస్తుంది.

శకుంతలగారిని అడిగితే ఆవిడ పీపా మూత బిగిస్తూ, "మొలిస్తే కోసుకో. పాములు రాకుండా చూసుకో. కృష్ణమూర్తిగారి నోటికి నేను జవాబు చెప్పలేను, అదీ నువ్వే చూసుకో" అన్నారు. కడిగిన నీళ్ళు ఇకనుంచి అవతలి మూల గుంటలో పోయించడానికి కూడా ఒప్పుకున్నారు. ఆవిడ సొమ్మేం పోదు కదా.

ఆషాఢంలో తొలి వాన పడ్డాక బందరు బస్సులో ఒక తడి గోనెసంచి వచ్చింది. సత్యవతి హనుమాన్ జంక్షన్ దాకా వెళ్ళి తెచ్చుకుంది. సంచి విప్పితే కణుపులు కణుపులుగా సన్నటి తీగలు, పొట్టి ఆకులు. చూడ్డానికి ఏ మాత్రం ఆశ కలిగించేలా లేవు. అయినా వంగి, ముక్కలుగా తెంపి, కణుపు మట్టిలోకి పోయేలా పాతింది. సగం ఎండిపోయాయి. మిగతా సగం కొన్నాళ్ళు బతకాలా వద్దా అని ఆలోచించుకుని, శ్రావణం వానలకి మెల్లగా పాకడం మొదలుపెట్టాయి. కార్తీకం నాటికి, ఎవరూ కాలు పెట్టని ఆ తెల్లటి నేల మీద పచ్చటి చాప పరిచినట్టయింది.

సత్యవతి సంబరం చూడాలి! రోజూ పని అయ్యాక ఒకసారి ఆ గడ్డి మీద చేత్తో నిమిరితే గాని ఇంటికి వెళ్ళేది కాదు. మొదటి మోపు కోసి, ఎండుగడ్డిలో కలిపి వేస్తే చుక్క తల ఎత్తకుండా తినేసింది. వీర్రాజు అది చూసి మెత్తబడ్డాడు గాని పూర్తిగా కాదు.

"సరే, ఈ గడ్డి ఉన్నన్నాళ్ళూ చుక్క ఇంట్లో ఉంటది. పోయిన రోజున మాత్రం బేరగాడికి ఫోన్ చేస్తా, అడ్డు చెప్పకూడదు."

"చెప్పను" అంది సత్యవతి. తర్వాత సుజాతకి ఫోన్ చేసి, "నీ గడ్డిలో ఏం లేదే, నా చెయ్యి అలాంటిది" అని కూడా అంది. తొందరపడి కూసిన కోయిల సంగతి మీకు తెలిసిందే.

పుష్యమాసం వచ్చింది. వానలు ఎప్పుడో పోయాయి. పొద్దున మంచు, మధ్యాహ్నం చురుక్కుమనే ఎండ. మామిడిచెట్లకి పూత గుత్తులు బయటపడుతున్నాయి. ఆ రోజుల్లో ఒక మధ్యాహ్నం సత్యవతి కొడవలి పట్టుకుని పెరట్లోకి వెళ్ళి అక్కడే నిలబడిపోయింది. గడ్డి ఆకులన్నీ సన్నగా చుట్టుకుపోయి ఉన్నాయి. వాటి మీద, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా, తెల్లటి పొడి.

మామిడితోటల మధ్య పుట్టి పెరిగిన మనిషికి పుష్యమాసంలో ఆకు మీద తెల్లటి పొడి కనబడితే దానికి ఒకటే పేరు. బూడిద తెగులు. పూతకి పట్టిందంటే గుత్తి గుత్తంతా బూడిదలో ముంచి తీసినట్టయి రాలిపోతుంది. పూత పోతే కాయ లేదు. కాయ లేకపోతే తోటల్లో కోత లేదు, షెడ్డులో కొట్టే పని లేదు, కొట్టులో పచ్చడి లేదు. ఈ చుట్టుపక్కల పసిపిల్లలు 'అమ్మ' అన్న మాట తర్వాత నేర్చుకునేది ఈ భయమే.

సత్యవతి ఎవరికీ చెప్పలేదు. సుజాతకి ఫోన్ చేద్దామా అనుకుంది గాని, 'నా చెయ్యి అలాంటిది' అన్న నోటితో 'నా చేతిలో తెగులు పట్టింది' అని ఎలా అంటుంది? ఆడపడుచు పకపకా నవ్వితే ఆ నవ్వు బందరు నుంచి నూజివీడు దాకా వినిపిస్తుంది. పైగా గడ్డి పోతే ఎండు రొయ్యలు వస్తాయి, చుక్క వెళ్ళిపోతుంది. అలాంటి గెలుపు పగవాళ్ళకి కూడా వద్దు.

బూడిదకి పుల్లమజ్జిగ మందని పెద్దవాళ్ళు చెప్పేది గుర్తొచ్చింది. సాయంత్రం మజ్జిగ నీళ్ళలో కలిపి గడ్డంతా తడిసేలా చల్లింది. మర్నాడు పొద్దున్నే పరుగెత్తుకుంటూ వెళ్ళి చూస్తే ఒక్క ఆకు మీదా తెలుపు లేదు! మంచులో తడిసి గడ్డి పచ్చగా నిగనిగలాడుతోంది. సత్యవతి గోడకి దణ్ణం పెట్టింది, దేవుడు ఎటున్నాడో ఆ క్షణంలో తోచలేదు. మధ్యాహ్నం వెళ్ళి చూస్తే మళ్ళీ తెల్లగా ఉంది.

మజ్జిగ సరిగ్గా పులవలేదనుకుంది. ఇంకా పులియబెట్టి చల్లింది. పొద్దున పచ్చన, మధ్యాహ్నం తెల్లన. ఇంకా పులియబెట్టింది. ఈ వైద్యం కొన్నాళ్ళు సాగేసరికి గడ్డికి ఏమైందో గాని, షెడ్డంతా ఒకటే పులిసిన కంపు. శకుంతలగారు పీపాలేవో చెడిపోయాయని హడలిపోయి, ప్రతి పీపా తెరిపించి, ప్రతిదాంట్లోంచీ ఒక ముక్క తీసి కొరికి, సాయంత్రానికి పళ్ళు పులిసి నీళ్ళు కూడా తాగలేకపోయారు. వాసన వెనక నుంచి వస్తోందని చివరికి పట్టుకున్నది గోడ మీంచి తొంగి చూసిన కృష్ణమూర్తిగారు.

"శకుంతలగారూ! ఒకసారి ఇటు రండి!" అని ఆయన పెట్టిన కేకకి తోటలో కాకులన్నీ లేచిపోయాయి. "చూశారా? బూడిద! నా తోట పూత మీదుంటే మీరు గోడ పక్కన బూడిద పెంచుతున్నారు! ఇన్నాళ్ళూ ఉప్పుతో చంపారు, ఇప్పుడిదా?"

కృష్ణమూర్తిగారు చెడ్డమనిషి కాదు. పూత రోజుల్లో మాత్రం ఆయన మనిషి కాదు. తుమ్మితే రాలిపోతుందేమోనని తోటలో తుమ్ము కూడా ఆపుకుంటారని కూలీలు నవ్వుకుంటారు. అక్కడికక్కడే రైతు సేవా కేంద్రంలో పనిచేసే సౌజన్యకి ఫోన్ చేసి, "బూడిద వచ్చింది, వచ్చెయ్" అని పెట్టేశారు. ఆ పిల్ల ఏదో చెప్పబోయింది గాని వినిపించుకోలేదు.

శకుంతలగారు గడ్డి వైపు చూశారు, గోడ అవతల పూత వైపు చూశారు. ఆవిడ వ్యాపారమంతా ఆ పూత మీదే ఉంది. "సత్యవతీ, నాకూ మనసొప్పడం లేదే. కానీ తీసెయ్యాలి" అన్నారు.

సత్యవతికి వాదించడానికి ఏముంది? బూడిద గాలికి పాకుతుందని ఆవిడకి ఒకరు చెప్పాలా? తనలాంటివాళ్ళు ఎంతమంది ఈ పూత మీద ఆధారపడి ఉన్నారు! ఒక్క గేదె కోసం అందరి కంచాల్లోకీ బూడిద తోలుతుందా?

"రేపు పొద్దున్నే పీకేస్తానండీ" అంది.

ఇంటికెళ్ళి వీర్రాజుకి చెప్పింది. వీర్రాజు గెలిచినవాడిలా ఏమీ లేడు. చాలాసేపు చుక్క వీపు మీద చెయ్యేసి నిలబడి, అప్పుడు ఫోన్ తీశాడు. బేరగాడి బండి వాళ్ళ సందులోకి రాదు. షెడ్డు ముందు కాయల లోడింగుకి కట్టిన దిమ్మ ఉంది కదా, దాని మీంచి అయితే గేదె సులువుగా బండి ఎక్కుతుంది, అక్కడికే తోలుకొస్తానని మాట్లాడుకున్నాడు.

మర్నాడు మంచు ఇంకా విడవకముందే సత్యవతి పెరట్లో వంగింది. పాతిన చేత్తోనే పీకడం మొదలుపెట్టింది. కణుపు కణుపుకీ వేరు దిగింది, ఊరికే రాదు. పట్టుకుని లాగుతుంటే ఉప్పు మట్టి పెళ్ళలు పెళ్ళలుగా లేచి వస్తోంది. "ఇంత గట్టిగా పట్టుకున్నదానివి ఆ మాయదారి తెగులుకి లొంగావేంటే?" అని గడ్డిని తిట్టింది. కళ్ళు మండుతున్నాయి గాని ఏడవలేదు. ఎండెక్కేసరికి సగం పెరడు బోడి అయింది, మధ్యలో గడ్డి కుప్ప లేచింది. మంచు ఆరిన కొద్దీ కుప్ప మీద తెలుపు మళ్ళీ తేలింది.

కృష్ణమూర్తిగారు అగ్గిపెట్టె పట్టుకుని కుప్ప పక్కన నిలబడ్డారు. శకుంతలగారు గుమ్మంలో ఉన్నారు. రోడ్డు మీద బేరగాడి బండి హారన్ వినిపించింది. దాని వెనకే చుక్క తాడు పట్టుకుని వీర్రాజు వచ్చాడు.

చుక్క దిమ్మ దాకా బుద్ధిగానే వచ్చింది. అక్కడ ఆగి ముట్టె పైకెత్తి గాలి పీల్చింది. సత్యవతి వాసన తగిలిందో, గడ్డి వాసనే తగిలిందో, ఒక్క గుంజు గుంజింది. తాడు వీర్రాజు చేతిలోంచి జారిపోయింది. చూడిగేదె అంత వేగంగా పరుగెత్తగలదని ఆ రోజే అందరికీ తెలిసింది. షెడ్డు పక్కసందులోంచి పెరట్లోకి వచ్చి, కృష్ణమూర్తిగారిని పక్కకి నెట్టి, కుప్పలో ముట్టె పెట్టింది. అగ్గిపెట్టె ఎక్కడ పడిందో ఆయనకి తెలియదు.

"ఒసేయ్, తినకే! తెగులే అది!" అని సత్యవతి తాడు అందుకుంది.

కానీ చుక్క తినడం లేదు. నాకుతోంది. పొడుగాటి నాలుక చాచి, ఆకుల మీద తెలుపుని ఈ కొస నుంచి ఆ కొస దాకా ఊడ్చినట్టు నాకుతోంది. నాకిన చోట ఆకు పచ్చగా బయటపడుతోంది. సత్యవతి చేతిలో తాడు అలాగే ఉండిపోయింది. ఈ నాకుడు ఆవిడకి తెలుసు. షెడ్డు వైపు తీసుకొచ్చినప్పుడల్లా చుక్క ఉప్పూరిన ఆ పాత ఇటుక గోడని ఇలాగే నాకేది, లాగినా కదిలేది కాదు.

ఆవిడ గబుక్కున ఒక గడ్డిపోచ తీసి నాలుక మీద పెట్టుకుంది.

"సత్యవతీ, విషమే!" అని శకుంతలగారు అరిచారు.

సత్యవతి ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. కళ్ళు తెరిచి, ఊరంతా వినపడేలా, "ఉప్పు! ఇది ఉప్పండీ బాబూ!" అని అరిచింది. "బూడిద కాదు, ఏం కాదు, ఉప్పు!"

"ఆ నేలే ఉప్పు. చేతికంటిన మట్టేదో నాకి ఉంటావు" అన్నారు కృష్ణమూర్తిగారు.

"అయితే మీరు చూడండి. మీ చేతికి మట్టి లేదుగా." చిటారున ఉన్న పోచ ఒకటి ఏరి ఆయన చేతిలో పెట్టింది. ఆయన పోచ వైపు చూశారు, చుక్క వైపు చూశారు. గేదె నాకిన దానికి పోటీ రావడం పెద్దరికానికి బాగుండదనిపించినా, పూత మీది బెంగ పెద్దరికం కన్నా పెద్దది. నాలుక కొస తాకించారు. మళ్ళీ తాకించారు. తర్వాత ఇంకో పోచ తీసుకున్నారు. శకుంతలగారు కూడా దిగి వచ్చి, ఉప్పు రుచి చూడటంలో ఆవిడని మించినవాళ్ళు లేరు కాబట్టి, పోచ నాకి, "కల్లుప్పు కన్నా కొంచెం చేదు" అని తీర్పు చెప్పారు. వీర్రాజు నాకాడు. బేరగాడు ఏం జరుగుతోందో తెలియక, వీళ్ళంతా నాకుతున్నారు కదా అని తనూ నాకాడు.

సౌజన్య స్కూటీ దిగి పెరట్లోకి వచ్చేసరికి ఆమెకి కనబడిన దృశ్యం ఇదీ. ఒక గేదె, దాని చుట్టూ ఐదుగురు పెద్ద మనుషులు, అందరి నోట్లోనూ గడ్డి.

"కృష్ణమూర్తిగారూ... బూడిద అన్నారు?" అంది, నవ్వు ఆపుకుంటూ.

ఆయన పోచని వెనక దాచుకున్నారు. సౌజన్య సంచిలోంచి చిన్న భూతద్దం తీసి ఆకు మీద పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత సత్యవతిని పిలిచి చూపించింది. అద్దం కింద పొడి పొడిలా లేదు. చిన్న చిన్న పలుకులు, అంచులు తీరి, ఎండకి మెరుస్తున్నాయి.

"ఉప్పే పిన్నీ. ఇలాంటి గడ్డి చదువుకున్నాను గాని, చేత్తో పట్టుకోవడం ఇదే. అయినా మామిడికి వచ్చే బూడిద గడ్డి మీదికి రాదండీ, గడ్డి మీది బూడిద మామిడికి ఎక్కదు."

"ఆ ముక్క నిన్ననే చెప్పొచ్చుగా!" అన్నారు కృష్ణమూర్తిగారు.

"మీరు ఫోన్ పెట్టెయ్యకపోతే చెప్పేదాన్నండీ."

శకుంతలగారు హాయిగా నవ్వారు. ఆయన మీద ఇలాంటి అవకాశం ఆవిడకి రోజూ దొరకదు.

సౌజన్య కుప్ప పక్కనే కూర్చుని చెప్పింది. "మీరు కాయముక్కల్లో ఉప్పేస్తే ఏమవుతుందండీ?"

"ఊట దిగుతుంది" అన్నారు శకుంతలగారు.

"అదే. ఉప్పు ముక్కలోంచి నీళ్ళు లాగేస్తుంది. ఉప్పు నేల మామూలు మొక్కని కూడా అట్లానే చేస్తుంది. చుట్టూ తడి ఉన్నా వేరు తాగలేదు, దాహంతో చచ్చిపోద్ది. కొంచెం తాగినా నీళ్ళతో పాటు ఉప్పు లోపలికెళ్ళి ఆకు మాడిపోద్ది. ఈ గడ్డి అట్లా కాదు. చాలా ఉప్పుని వేరు దగ్గరే ఆపేస్తుంది. లోపలికి వచ్చినదాన్ని ఆకులో చిన్న చిన్న సంచుల్లాంటివి ఉంటాయి, వాటిల్లో విడిగా మూటగట్టి పెడుతుంది. నీళ్ళు బయటికి పోకుండా తన లోపల చక్కెరలాంటివేవో తయారుచేసుకుని బిగపట్టుకుంటుంది. అప్పటికీ మిగిలింది ఆకు మీద సన్నటి రంధ్రాల్లోంచి బయటికి తోసేస్తుంది. మీరు నాకింది అదే."

"మరి పొద్దున ఉండదేం? మజ్జిగ చల్లితే పోయిందనుకున్నానే!"

"మంచుకి కరిగిపోద్ది పిన్నీ. ఎండకి ఆరితే మళ్ళీ పేరుకుంటది. వానల్లో ఎప్పటికప్పుడు కడుక్కుపోయింది కాబట్టి మీకు కనపడలా. మీరు మంచినీళ్ళు చల్లినా అంతే అయ్యేది."

శకుంతలగారు తన పులిసిన పళ్ళు గుర్తొచ్చి సత్యవతి వైపు ఒక చూపు చూశారు.

"మరి ఈ ఆకు చుట్టుకుపోవడం?"

"ఎండకి నీళ్ళు ఆవిరైపోకుండా ముడుచుకుంటది. రోగం కాదు, జాగ్రత్త. ఇన్ని పనులు చేసుకోవాలి కాబట్టే మామూలు గడ్డిలాగా ఏపుగా పెరగదు."

సత్యవతి ఇదంతా తన కాపరం లెక్కల్లోకి మార్చుకుంది. "అంటే గుమ్మంలో ఆపినంత ఆపి, జొరబడినదాన్ని అటకెక్కించి, అటక నిండితే వీధిలోకి విసిరేస్తదన్నమాట. నా సంసారమే!"

"అంతే పిన్నీ. నేను పరీక్షలో ఇంత బాగా రాయలేదు." సౌజన్య లేచి చుక్క నోటి ముందు నుంచి కుప్పని వెనక్కి లాగింది. "కానీ చూడిగేదె, ఇదొక్కటే వెయ్యకండి. ఎండుగడ్డిలో కలిపి కొంచెం వెయ్యండి, కడిగి వేస్తే ఇంకా మంచిది. నీళ్ళు మాత్రం బాగా పెట్టండి."

"ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగాలిగా" అన్నారు కృష్ణమూర్తిగారు. ఆయనకీ గొంతు ఆరిపోయినట్టుంది.

సత్యవతి అప్పుడు సుజాతకి ఫోన్ చేసింది. దాచుకోకుండా మొత్తం చెప్పింది, మజ్జిగతో సహా. ఇన్నాళ్ళూ తను భయపడిన ఆ నవ్వు అవతల నుంచి రానే వచ్చింది, పెరడంతా వినిపించింది.

"ఉప్పు తిన్న గడ్డి ఉప్పు కక్కదా వదినా? మా ఊళ్ళో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. అది కూడా చెప్పాలని నాకెట్లా తెలుస్తది? నా రసాలు మాత్రం మర్చిపోకు!"

ఆ నవ్వు సత్యవతికి ఎందుకో కొంచెం కూడా బాధనిపించలేదు. పైగా తనూ నవ్వింది.

పీకిన గడ్డి వాడిపోకముందే తిరిగి పాతాలి. సత్యవతి వంగింది. వీర్రాజు లుంగీ ఎగ్గట్టి పక్కన వంగాడు. సౌజన్య భూతద్దం సంచిలో పడేసి చేతులు మట్టి చేసుకుంది. కృష్ణమూర్తిగారు అటూ ఇటూ చూసి, "ఆ గోడ పక్కన దగ్గర దగ్గరగా పాతండి. ఉప్పు ఇటు నా చెట్ల వైపు రాకుండా ఇదే లాగేస్తదేమో" అని, చెప్పి ఊరుకోలేక తనే కూర్చుని పాతారు. కోసుకుపోయిన ప్రతి మోపుతో పాటు నేలలోని ఉప్పు కూడా కొంచెం కొంచెం పోతుందని సౌజన్య అంటే, "అయితే గేదెని బాగా మేపు సత్యవతీ, మొహమాటపడకు" అన్నారు. బేరగాడు ఒట్టి చేతులతో పోతున్నానని గొణుక్కుంటే శకుంతలగారు ఒక పచ్చడి సీసా చేతిలో పెట్టి పంపారు. ఆ షెడ్డులోంచి ఉప్పునీళ్ళు కాకుండా ఇంకేదైనా ఊరికే బయటికి పోవడం అదే మొదలు.

ఫాల్గుణంలో చుక్క ఈనింది. మామిడిచెట్ల నిండా పిందెలు దిగిన రోజులు. జున్ను తినే వంకతో సుజాత ముందే వచ్చి కూర్చుంది. తెల్లవారుజామున నొప్పులు మొదలై, ఎండ వచ్చేసరికి పెయ్యదూడ నేల మీద పడింది. దానికి నుదుటి మీద మచ్చ లేదు, కుడి చెవి కొసన ఉంది. చుక్క దాన్ని తల నుంచి తోక దాకా నాకి నిలబెట్టింది. దూడ నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకి పెట్టి, ఊగి, పడి, మళ్ళీ లేచి తల్లి పొదుగు వెతుక్కుంది.

ఆ రోజు చుక్క ఆ దిమ్మ మీంచి బండి ఎక్కి ఉంటే ఈ దూడ ఈపాటికి ఎవరి కొట్టంలో కళ్ళు తెరిచేదో. సత్యవతి చుక్క మెడ చుట్టూ చెయ్యి వేసి, ఎప్పటిలాగే ఏదో చెప్పబోయింది. మాటకి బదులు ఏడుపు వచ్చింది. అప్పగింతల నాడు రానిది, అత్తగారు పోయిన నాడు రానిది, ఇన్నేళ్ళ నుంచి అటక మీద ఉన్నదంతా ఒక్కసారి దిగి వచ్చింది. సంతోషంతో వెక్కి వెక్కి ఏడ్చింది.

చుక్క తల తిప్పి, గరుకు నాలుక చాచి, సత్యవతి చెంప మీద కింది నుంచి పైకి ఒక్క నాకు నాకింది. రుచి తెలిసినట్టుంది, రెండో చెంప కూడా నాకింది.

"అన్నయ్యా, ఇటు రా! మా వదిన ఉప్పు కక్కుతోంది!" అని గుమ్మంలోంచి సుజాత అరిచింది.

సత్యవతి ఏడుస్తూనే నవ్వింది, నవ్వుతూనే ఆడపడుచుని తిట్టింది, చెంప మాత్రం పక్కకి తీసుకోలేదు.